మామ బీడీ, మా అందరి గాలి

నీళ్ల కింద పనిచేసే జట్టులో ఉద్యోగం చేసి, ఆ ఉద్యోగమంతా నీళ్ల మీదే గడిపినవాణ్ణి నేను. నా పని తాడు పట్టడం. గోదావరి మీది ప్రాజెక్టుల్లో గేటు అడుగున రబ్బరు పట్టీ చిరిగినా, వరదకు కొట్టుకొచ్చిన దుంగ ఇరుక్కున్నా మా కాంట్రాక్టరుకు ఫోను వచ్చేది, ఆయన మమ్మల్ని పంపేవాడు. ఒక డైవరు వీపుకు గాలి సిలిండరు కట్టుకుని కిందికి దిగేవాడు. రెండో డైవరు అవసరమైతే దూకడానికి పడవలో సిద్ధంగా ఉండేవాడు. దిగినవాడి నడుముకు కట్టిన తాడు కొస నా చేతిలో ఉండేది. నేను ఒకసారి గుంజి అడిగితే, అతను ఒకసారి గుంజి బాగున్నానని చెప్పాలి. రెండుసార్లు గుంజితే తాడు వదలమని. ఆపకుండా గుంజితే పైకి లాగమని. ఇంతకన్నా పెద్ద భాష ఆ ఉద్యోగంలో నాకు అవసరం పడలేదు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. ప్రాణహితలో మొసళ్లను చూశారా అని అడుగుతారు. శవాలను తీశారా అని గొంతు తగ్గించి అడుగుతారు. నేను బీడీ గురించి చెప్పడం మొదలుపెడతాను. వాళ్ల మొహాలు వాడిపోతాయి. ఆరోగ్య శాఖ వాళ్ల బోర్డు చదువుతున్నాననుకుంటారేమో. అయినా చెబుతాను, ఎందుకంటే మా జట్టులో ఒక మనిషిని మింగబోయింది మొసలి కాదు.

జట్టులో పెద్ద డైవరును మేమందరం మామ అని పిలిచేవాళ్లం. ఆయనది మందమర్రి. తండ్రి బొగ్గు బాయిలో పనిచేసేవాడు, తల్లి ఇంటి దగ్గర బీడీలు చుట్టేది. "బాయిల అగ్గిపెట్టె దొరికితె నౌకరి పోతది. గందుకే మా బాపు దిగెటప్పుడు ఒకటి, ఎక్కినంక ఒకటి తాగేటోడు. నేను గూడ గంతే" అనేవాడు మామ. ఆ లెక్కను ఆయన నీళ్లకు వర్తింపజేశాడు. దిగేముందు ఒకటి, తేలగానే ఒకటి. మధ్యలో ఉన్న సమయమంతా దిగే ముందటిదో తేలిన తర్వాతిదో అవుతుంది కాబట్టి, దాదాపు ఎప్పుడూ బీడీ వెలుగుతూనే ఉండేది. కానీ గోదావరి బురదనీళ్లలో చేతివేళ్లతో తడిమి, ఏ బోల్టు వదులైందో పైకి వచ్చి చెప్పగల మనిషి మా జట్టులో ఆయనొక్కడే.

రెండో డైవరు వయసులో చిన్నవాడు. కరీంనగర్ నుంచి వచ్చేవాడు. మాకు తమ్ముడు. పొద్దున్నే కట్ట మీద పరుగెత్తేవాడు, రాగి జావ తాగేవాడు, మా టీ వైపు జాలిగా చూసేవాడు. ఆ శుభ్రమంతా ఒట్టి షోకు అనుకునేవాణ్ణి, ఒకరోజు అతనే చెప్పేదాకా. అతని తండ్రి మరమగ్గాల కార్ఖానాలో, వాళ్ల మాటలో సాంచల మీద, పనిచేశాడట. "సాంచల కాడ నూలు దుమ్ము పీల్చి పీల్చి, దగ్గుకుంట దగ్గుకుంటనే పోయిండు మా బాపు. గాలి ఖరాబైతె మనిషి ఎట్లయితడో నేను చూసిన అన్నా" అన్నాడు. ఆ తర్వాత జావను చూసి నవ్వడం మానేశాను.

వీళ్లిద్దరికీ రోజూ పోట్లాట.

"నా పైసలు, నా బీడీ, నా ఊపిరితిత్తులు. నా ఇష్టం. నీకేంది నొప్పి?" అనేవాడు మామ.

"నీ ఊపిరితిత్తులు నీయే మామా. కాని నేను కింద ఇరుక్కుంటె దుంకాల్సింది నువ్వేనాయె. నీ దమ్ము ఆడిదాక వస్తదా?"

"నువ్వు పుట్టకముందుకెంచి దుంకుతున్న. ఫికర్ చెయ్యకు."

ఫిర్యాదులు రెండూ నా దగ్గరికే వచ్చేవి, ఇద్దరి తాడూ నా చేతిలోనే ఉంటుంది కాబట్టి. అంతకుముందు ఒక పెద్ద అధికారి ఈ పొగ సంగతి తేలుస్తానని మమ్మల్నందరినీ గదిలోకి పిలిచాడు. సిగరెట్టు వెలిగించుకుని, నిండుగా ఒక దమ్ము లాగి, "ఇది చాలా సున్నితమైన విషయం" అన్నాడు. అంతటితో తేలిపోయింది.

నేను చెప్పబోయే వేసవికి ఆయన బదిలీ మీద వెళ్లిపోయి, కొత్తగా ఒక ఇంజినీరు మేడం వచ్చింది. లక్సెట్టిపేటకు ఎగువన ఒక గేటు కింద నీళ్లు కారిపోతున్నాయి. ఎండాకాలం ఊళ్లకు తాగడానికి దాచుకున్న నీళ్లవి. వానలు పడేలోపు పట్టీ మార్చకపోతే వరదలో గేటును ముట్టుకోలేం. మేడం మొదటిరోజే రెండు పక్షాలనూ ఓపికగా విన్నది.

"పొగ తాగడం ఎవరి ఇష్టం వాళ్లది. దాంట్ల నేను రాను. కాని గాలి నింపే మిషను కాడ మాత్రం ఎవరూ తాగొద్దు. ఆడ తాగితే అది అందరి గాలి" అన్నది.

అంత సరైన మాట ఆ విషయం మీద నేను అప్పటిదాకా వినలేదు. దాని తర్వాత జరిగిందంతా ఆ సరైన మాటను మేమందరం బుద్ధిగా పాటించడం వల్లే జరిగింది.

గాలి నింపే మిషను అంటే డీజిలు ఇంజనుతో నడిచే కంప్రెసరు. ఒక గొట్టంతో బయటి గాలిని పీల్చి, దాన్ని సిలిండర్లలోకి కుక్కుతుంది. అది కట్ట మీది రేకుల షెడ్డు ముందు ఉండేది. ఆ ప్రాంతంలో నీడ అంటే ఆ షెడ్డు నీడ ఒక్కటే. మేడం మాట ప్రకారం మామ నీడను వదిలి, ఎండలో దూరంగా నిలబడి బీడీ తాగేవాడు. గాలి మాత్రం మేడం మాట వినలేదు. పొగను తెచ్చి మిషను దగ్గరే వదిలేది. మామ ఇంకా దూరం పోతే, గాలి ఇంకోవైపు నుంచి తెచ్చేది.

ఒక సాయంత్రం నేను పడవ దగ్గర ఉండగా, తమ్ముడు విసుగొచ్చి చక్రాల మీద ఉన్న ఆ మిషనును ఒక్కడే నెట్టుకుంటూ షెడ్డు వెనక్కి తీసుకుపోయాడు. ఇటు రేకు, అటు రాతిగోడ. బీడీ పొగ వచ్చే దారి లేదు. రేకు మీద సుద్దతో "ఇక్కడ బీడీ తాగరాదు" అని పెద్దగా రాశాడు. తెల్లారి మేడం చూసి మంచి పని చేశావన్నది. మామకు నీడ తిరిగి దక్కింది, కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. మిషను ఆడించి వచ్చి మేమూ ఆ నీడలోనే కూర్చున్నాం. ఆ రోజు మా జట్టులో అసంతృప్తి ఉన్నవాడు ఒక్కడూ లేడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో అలాంటి రోజు అదొక్కటే. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

ఇంకో ఆనవాయితీ గురించి చెప్పాలి. సిలిండరు నిండాక దాని మూత కొంచెం తిప్పి, వచ్చే గాలిని వాసన చూస్తారు. నూనె వాసనో పొగ వాసనో వస్తే ఆ గాలి పనికిరాదు, పారబోసి మళ్లీ నింపాలి. మా జట్టులో ఆ హక్కు పెద్దవాడిగా మామది. సిలిండరు ముందు వంగి, కళ్లు మూసుకుని, నిదానంగా లోపలికి పీల్చేవాడు. కాసేపు ఆగేవాడు. తర్వాత తల ఊపి "మంచిగున్నది" అనేవాడు. ఆ కాసేపు ఎవరం మాట్లాడేవాళ్లం కాదు. పెద్దవాడు చూశాక ఇంకొకడు ముక్కు పెట్టడం మర్యాద కాదని ఎవరూ చెప్పలేదు, కానీ ఎవరమూ పెట్టలేదు.

అందరం సంతోషంగా ఉన్న ఆ రోజు కూడా మామ తల ఊపాడు. తమ్ముడు సిలిండరు కట్టుకుని దిగాడు.

మొదట తాడు మామూలుగానే పలికింది. నేను అడిగితే బాగున్నానన్నాడు. పట్టీ బోల్టులు విప్పుతున్నట్టు తాడు చిన్నగా అదురుతూ ఉంది. కాసేపటికి జవాబు ఆలస్యంగా రావడం మొదలైంది. నేను ఒకసారి గుంజితే రెండుసార్లు గుంజాడు. తాడు వదిలాను. వదిలిన తాడు వదిలినట్టే ఉంది, అతను కదల్లేదు. తర్వాత నేను అడగకుండానే బాగున్నాను, బాగున్నాను, బాగున్నాను అని ఒక్కొక్కటిగా చెప్పుకుంటూ పోయాడు, నిద్రలో ఊకొట్టినట్టు.

"మామా, తమ్ముడు తాడుతోని ఆటలాడుతుండు" అన్నాను.

మామ బీడీ పారేశాడు. "వాడు ఆటలాడేటోడు కాదు" అని మాస్కు పెట్టుకున్నాడు.

అంతలో తాడు ఆగిపోయింది. నేను లాగితే రాలేదు, గేటు గాడిలో ఎక్కడో చిక్కింది. మామ వారం కింద నింపి పెట్టుకున్న తన సిలిండరుతో, తాడు పట్టుకుని కిందికి పోయాడు. పడవలో నేనొక్కణ్ణే మిగిలాను. తాడు మనిషికి కింద ఏం జరుగుతున్నదీ కనిపించదు. బుడగలు కనిపిస్తాయి. మొదట ఇద్దరి బుడగలూ రెండుచోట్ల వచ్చాయి, తర్వాత ఒకేచోటికి చేరాయి. తాడు వదులైంది. ఆపకుండా గుంజుడు వచ్చింది. చేతులు కోసుకుపోతున్నా లాగాను.

మామ తమ్ముణ్ణి చంక కింద పట్టుకుని తేలాడు. తమ్ముణ్ణి పడవలోకి ఎలా తీశానో నాకే గుర్తులేదు. మామ మాత్రం పడవ అంచు పట్టుకుని ఎక్కలేకపోయాడు. దగ్గు, దగ్గు మీద దగ్గు. రెక్క పట్టుకుని లాగితే బస్తాలాగా వచ్చి పడ్డాడు. ఇంకాస్త లోతు ఉంటే ఇద్దరినీ లాగినా లాభం ఉండేది కాదు. దమ్ము అక్కడిదాకా వస్తుందా అని తమ్ముడు అడిగింది ఊరికే కాదు. వచ్చింది, కానీ అంతవరకే వచ్చింది.

తమ్ముడు కక్కుకున్నాడు. కళ్లు తెరిచి మమ్మల్ని చూసి, ఇంకెవరితోనో అన్నట్టు మాట్లాడాడు.

"సాంచ బందువెట్టు బాపు... దారం తెగింది... బందువెట్టు."

మామ ఆ మాటలు విని మొహం తిప్పుకున్నాడు.

షెడ్డులో ఆసుపత్రి ఆక్సిజన్ సిలిండరు ఒకటి ఎప్పుడూ ఉండేది. దాని మాస్కు మొహానికి పెట్టి, మేడం తన జీపులోనే మంచిర్యాలకు తోలింది. దారిలో తమ్ముడికి తెలివి వచ్చింది. తలకాయ పగులుతున్నదన్నాడు. ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేశారు. కుర్ర డాక్టరు ఆ కాగితం పట్టుకుని వచ్చి, మంచం మీది మనిషిని పైనుంచి కిందికి చూశాడు.

"ఈయన రోజుకు ఎన్ని పెట్టెలు తాగుతడు?"

మాకు అర్థం కాలేదు.

"సిగరెట్లండీ. పొగల ఉండే విషపు గాలి రక్తంల ఇంతగనం ఉన్నది. గీ వయసుకే గిట్ల తాగితె ఎట్ల?"

తమ్ముడు మాస్కు కింద నుంచి ఏదో అరిచాడు. మొహానికున్నదాన్ని తీయబోతే నర్సు చేయి పట్టుకుని అదిమింది. డాక్టరు అతన్ని పడుకోమని, పొగ వల్ల వచ్చే జబ్బులన్నీ చెప్పాడు. భార్యాపిల్లల గురించి ఆలోచించమన్నాడు. మంచం పక్కనే నిలువెల్లా బీడీ కంపుతో మామ చేతులు కట్టుకుని, అన్నింటికీ తల ఊపుతూ నిలబడ్డాడు. నేను వరండాలోకి వచ్చేశాను. అలాంటి రోజు నవ్వు రావడం తప్పే, కానీ వచ్చింది.

కాంట్రాక్టరు ఫోను చేశాడు. "బీడీతోనే అయిందని రాసి పడేయండి. గా ముసలోణ్ణి తీసేద్దాం, కథ ఒడుస్తది" అన్నాడు. ఆయన మాట అందరికీ నచ్చేలాగే ఉంది. మామకు కూడా నచ్చినట్టుంది, "నాదే కావచ్చు" అన్నాడు. మేడం ఒక్కతే ఒప్పుకోలేదు.

"ఒక బీడీ పొగ సిలిండర్లకు పోయి మనిషి పడిపోతే, అన్ని బీడీలు తాగే మామ ఎప్పుడో పడిపోవాలె గదా" అన్నది.

తెల్లారి ఆమె షెడ్డు వెనక్కి పోయి మిషను ఆడించమన్నది. ఇంజను మొదలైంది. కొంచెంసేపటికే మేడం కళ్లు తుడుచుకుంటూ, కొంగు ముక్కుకు పెట్టుకుని బయటికి వచ్చింది. రేకుకూ గోడకూ మధ్య ఇంజను వదిలిన పొగ పోవడానికి దారి లేదు. అక్కడే తిరిగి తిరిగి, గాలి పీల్చే గొట్టంలోకి పోతున్నది. గొట్టం మూతి దగ్గర రేకు నల్లగా మసిబారి ఉంది, సరిగ్గా బీడీ తాగరాదు అన్న అక్షరాల కిందే.

తర్వాత ఆమె నిన్నటి సిలిండర్లలో మిగిలిన ఒకటి తెప్పించి, మూత తిప్పింది. ఆమె పక్కన నేనూ మొదటిసారి ముక్కు పెట్టాను, డీజిలు కంపు కొట్టింది. మేడం నా మొహం చూసింది, నేను ఆమె మొహం చూశాను.

"మామా, జర మీరు చూడండి" అన్నది.

మామ వంగాడు. ఎప్పటిలాగే కళ్లు మూసుకున్నాడు. నిదానంగా పీల్చాడు. కాసేపు ఆగాడు.

"మంచిగనే ఉన్నది మేడం" అన్నాడు.

ఎవరం మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం రోజూ ఉండే నిశ్శబ్దం కాదని ఆయనకూ తెలిసిపోయింది. కళ్లు తెరిచి మా ఇద్దరినీ చూశాడు. మెల్లగా నేల మీద కూర్చున్నాడు.

"నాకు వాసన రాదు మేడం. చాన ఏండ్లాయె. ఇంట్ల పప్పు మాడినా నా పెండ్లాం చెప్తేనే ఎర్క."

"మరి రోజూ ఏం చూస్తుంటివి?" అన్నాను నేను. గొంతు కొంచెం లేచింది.

"మీ మొఖాలు చూస్తుంటి. మీరందరు నా దిక్కే చూస్తుంటిరి. ఏమని చెప్పుదు?"

ఆయన మీద కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను. ఊపిరితిత్తులు ఆయన సొంతమే, వాదనలో ఆయన ఎప్పుడూ ఓడిపోలేదు. కానీ ముక్కు మా అందరిదీ. దాన్ని ఆయన ఎప్పుడు కాల్చేసుకున్నాడో మేం అడగలేదు, మామ చెప్పలేదు. మామ ముక్కు కంటే మామ పెద్దరికం మీద నమ్మకం పెట్టుకున్న జట్టు మాది.

సాయంత్రం ఆసుపత్రికి పోయాం. తమ్ముడు దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. మామ దాచకుండా అంతా చెప్పాడు.

"మిషను ఆడికి నూకింది నేనే గదా" అన్నాడు తమ్ముడు.

"నూకితె ఏమాయె? వాసన చూసి వద్దనాల్సింది నేను."

"నూకకపోతె వాసనే వచ్చేది కాదు."

"నా బీడీ లేకపోతె నువ్వు నూకుదువా?"

రోజూ తప్పును ఒకరి మీదికి ఒకరు తోసుకునే మనుషులు, ఆ రోజు నాదంటే నాదని గుంజుకున్నారు. నర్సు వచ్చి గొంతులు తగ్గించమన్నది.

పని ఆగలేదు. మిషనును కట్ట మీద బయలుకు తెచ్చాం, గాలి పీల్చే గొట్టాన్ని వెదురు బొంగుకు కట్టి ఎత్తుగా నిలబెట్టాం. సిలిండరు నిండాక అందరం వరుసగా ముక్కు పెట్టాం, మేడంతో సహా. తమ్ముడు కోలుకుని వచ్చి మిగిలిన బోల్టులు తనే విప్పాడు. వానలకు ముందే గేటు కింద కారడం ఆగింది. ఆ తర్వాత మేడం డైవర్లందరికీ దమ్ము పరీక్ష చేయించమని పట్టుబట్టింది. కరీంనగర్‌లో డాక్టరు మామతో గొట్టంలోకి ఊదించి, మళ్లీ ఊదించి, బీడీ కావాలో నీళ్లు కావాలో తేల్చుకొమ్మన్నాడు. ఆలోచించుకోవడానికి గడువు కూడా ఇస్తానన్నాడు. మామ గడువు తీసుకోలేదు. నీళ్లు వదిలేస్తానన్నాడు. ఆ తర్వాత ఆయన మళ్లీ సిలిండరు కట్టుకోలేదు. మందమర్రిలో ఇంటి ముందు కూర్చుని చేపలవాళ్లకు వలలు అల్లి ఇస్తున్నాడు.

పరీక్ష నుంచి తిరిగి వస్తున్నప్పటి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. జీపులో ముందు డ్రైవరు పక్కన తమ్ముడు, వెనక మామా నేనూ. జీపు ధర్మారం దాటింది.

"నీళ్లకంటె బీడీ ఎక్కువైందా మామా నీకు?" అన్నాడు తమ్ముడు వెనక్కి తిరగకుండా. గొంతులో కోపం ఉంది, ఇంకేదో కూడా ఉంది.

"కాలె."

"మరి? నా ఇష్టం, నా ఇష్టం అంటివి ఇన్నొద్దులు."

"అంటి" అన్నాడు మామ. కిటికీలోంచి బయటికి చూశాడు. "ఇష్టమైంది నీళ్లు తమ్మీ. ఇడువుమంటె గది ఇడిచిన. ఇది నా ఇష్టమైతె ఎప్పుడో ఇడుద్దును. కాదు గనకనే ఇడువస్తలేదు."

రాయపట్నం బ్రిడ్జి మీదికి వచ్చాం. కింద గోదావరి ఎండి, ఇసుక మధ్య సన్నగా పారుతున్నది. మామ జేబులు తడుముకున్నాడు. బీడీ కట్టను డాక్టరు తీసేసుకున్నాడు. ఖాళీ జేబులే మళ్లీ తడిమి, చేతులు మోకాళ్ల మధ్య దాచుకున్నాడు. నేను చూడనట్టు కూర్చున్నాను. అద్దంలోంచి తమ్ముడు చూశాడు.

లక్సెట్టిపేటలో జీపు ఆపమన్నాడు. కిరాణా దుకాణం ముందు నిలబడి, ఏ రకం అడగాలో తెలియక దుకాణాయనతో చాలాసేపు మాట్లాడాడు. ఒక బీడీ కట్ట, అగ్గిపెట్టె తెచ్చి, ఏమీ అనకుండా మామ ఒళ్లో పెట్టాడు. ముందు సీట్లోకి ఎక్కి, తన పక్కన కిటికీ అద్దం పూర్తిగా దించుకున్నాడు.